మూడో గుండీ

కళ్లద్దాల షాపు మాస్టారికి ఆ పేరు పాఠాలు చెప్పినందువల్ల రాలేదు. ఆయన ఏ బళ్లోనూ పనిచెయ్యలేదు. కళ్లు పరీక్ష చేసేటప్పుడు కుర్చీలోని మనిషి ఒక్కో అక్షరం చదువుతుంటే "ఒప్పు" అనో "తప్పు" అనో పైకి అనడం ఆయన అలవాటు. ఒప్పు అన్న మాట తనలో తాను అనుకున్నంత మెల్లగా వచ్చేది. తప్పు మాత్రం పరీక్ష గది తెర దాటి, షాపు దాటి, పక్కనున్న చెప్పుల కొట్టు దాకా వినబడేది. చెప్పుల కొట్టాయన కూర్చున్న చోటు నుంచి కదలకుండానే లోపల ఎవరికి ఎంత చూపు తగ్గిందో చెప్పేసేవాడు. అలా వీధి వీధంతా కలిసి ఆయన్ని మాస్టార్ని చేసి కూర్చోబెట్టింది.

పనిలో మాత్రం ఆయనకు వంక పెట్టడానికి లేదు. ఎవరైనా పాత కళ్లజోడు తెచ్చి ఇస్తే దాన్ని చేత్తో పట్టుకుని, అందులోంచి కిటికీ చువ్వను చూస్తూ రెండుసార్లు అటూ ఇటూ కదిపి, పవరెంతో చెప్పేసేవారు. తర్వాత మిషను మీద పెట్టి చూస్తే అంతే ఉండేది. అద్దం అంచు అరగదీసి ఫ్రేములో కూర్చోబెడితే వెంట్రుక దూరే సందు కూడా మిగిలేది కాదు. ముసలివాళ్ల జోళ్లకు ఊడిన మరలు బిగించి ఊరికే పంపించేవారు. ఇంత మంచి మనిషికి ముక్కు మీద కోపం ఎందుకు పెట్టారో ఆ పెట్టినవాళ్లనే అడగాలి. తనకు తెలిసింది ఎదుటివాళ్లకు తెలియకపోతే చాలు, మాస్టారికి ఒళ్లు మండిపోయేది.

"నాకు సైటొచ్చిందండీ" అంటూ ఎవరైనా లోపలికొస్తే, "సైటంటే చూపు. చూపొస్తే సంతోషించు, నా దగ్గరకెందుకొచ్చావు?" అనేవారు. "కాస్త పెద్దగా కనబడే అద్దమివ్వండి" అని అడిగితే, "ఏరుకుని పట్టుకెళ్లడానికి ఇదేం కూరగాయల బండా?" అనేవారు. అద్దం మార్చి మార్చి పెట్టి "ఇది బాగుందా, ఇది బాగుందా?" అని ఆయన గద్దిస్తే, "రెండూ బాగున్నాయండీ" అని జవాబిచ్చేవాళ్లే ఎక్కువ. వాళ్ల మర్యాద వాళ్లది. "రెండూ ఎలా బాగుంటాయయ్యా? పెళ్లిచూపులకొచ్చావా?" అని మాస్టారు కేకలేసేవారు.

షాపు ముందు భాగంలో ఫ్రేముల కౌంటరు ఆయన భార్యది. వీధిలో సగం మందికి ఆవిడ అక్క, మిగతా సగానికి వదిన. ఆయన లోపల బెదరగొట్టి పంపినవాళ్లకు ఈవిడ బయట మంచినీళ్లిచ్చి, కూర్చోబెట్టి, ఫ్రేములు చూపిస్తూ అసలు సంగతి రాబట్టేది. ఆ సంగతుల్లో ఒకటి ఆమెకు ఎప్పటికీ మరపురాదు.

పరీక్ష గది పొడుగు చాలదు. అందుకని అక్షరాల పలకను కుర్చీ వెనక గోడకు తగిలించి, ఎదుటి గోడకు నిలువుటద్దం పెట్టారు. కుర్చీలో కూర్చున్నవాళ్లు అద్దంలో చూసి చదవాలి. తెర కాస్త పక్కకు జరిగిందంటే, బయట బెంచీ మీద కూర్చున్నవాళ్లకూ ఆ అద్దం కనబడుతుంది. ఒకసారి ఆ వీధి బాబాయిగారు, అంటే ఏదో ఆఫీసులో గుమాస్తాగా చేసి రిటైరైన పెద్దాయన, తన వంతు వచ్చేలోపు బెంచీ ఈ చివర నుంచి ఆ చివరకు జరుగుతూ, కళ్లు చికిలించుకుంటూ, ముందున్నవాళ్లు చదువుతుంటే వింటూ పలక మొత్తం కంఠతా పట్టేశారు. పరీక్షలో ఒక్క తప్పూ రాలేదు. "మీకు అద్దాలు అక్కర్లేదు, వెళ్లండి" అన్నారు మాస్టారు. ఏనుగెక్కినంత సంబరంతో బయలుదేరిన బాబాయిగారు షాపు మెట్టు కనబడక చెప్పుల కొట్టు ముందు బోర్లా పడ్డారు.

ఆయన్ని లేపి మోకాలికి మందు రాస్తూ ఆవిడ సంగతంతా విని, లోపలికెళ్లి భర్తకు చెప్పింది.

"కంఠతా పట్టాడా? ఎంత మోసం!" అన్నారు మాస్టారు.

"మోసం కాదండీ, భయం" అంది ఆవిడ. "అద్దాల కోసం వచ్చిన మనిషి ఫెయిలవుతానని భయపడుతున్నాడంటే లోపం ఎక్కడుందో చూసుకోవాలిగా."

మాస్టారు చూసుకున్నారు. మర్నాడు తెరకు ఇంకో రెండు రింగులు వేసి గట్టిగా లాగి కట్టారు. ఆ మాటలోంచి ఆయన నేర్చుకున్నది అంతే.

ఇలా ఉండగా ఒకరోజు గుండీలమ్మ వచ్చింది.

వీధి చివర మేడ మీద చొక్కాలు కుట్టే కార్ఖానా ఉంది. అక్కడ కుట్టిన చొక్కాలన్నీ ఆఖరుకు గుండీలమ్మ బల్ల మీదికొస్తాయి. గుండీలన్నీ ఉన్నాయా, కాజాలకు ఎదురుగా ఉన్నాయా, దారం గట్టిగా పట్టిందా అని చూసి ఆమె సరేనంటేనే చొక్కా మడతకు వెళ్తుంది. పద్దెనిమిదేళ్లుగా కిటికీ పక్కన అదే బల్ల. అసలు పేరు కార్ఖానాలో ఎవరికీ గుర్తులేనంతగా ఆమె గుండీలమ్మ అయిపోయింది. అలాంటిది ఈమధ్య మూడు చొక్కాలు గుండీలు ఊడి తిరిగొచ్చాయి. సూపర్‌వైజరు వాటిని తెచ్చి ఆమె ముందు పెట్టాడు. "కళ్లద్దాలు తెచ్చుకో. నెల రోజులు చూస్తాను. అప్పటికీ ఇలాగే ఉంటే ఈ బల్ల ఇంకొకరికిచ్చి నిన్ను మడతల హాల్లోకి పంపాలి" అన్నాడు. మడతల హాల్లో రోజంతా నిలబడే ఉండాలి. అది పెద్ద బాధ కాదు ఆమెకు. ఆ బల్ల పోతే తను గుండీలమ్మ కాకుండా పోతుంది, అదీ బాధ.

నలభై ఐదేళ్ల మనిషి. నోట్లో నాలుక లేనట్టు బెంచీ చివర ఒదిగి కూర్చుంది. పక్కన ఇద్దరు కాలేజీ అమ్మాయిలు, హెల్మెట్ ఒళ్లో పెట్టుకున్న ఒకాయన, ఆ పక్కన కొత్త జోడు సర్దించుకోవడానికొచ్చిన బాబాయిగారు. మాస్టారు తెర తీసి తల బయటపెట్టారు.

"తర్వాత ఎవరు? నువ్వేనా? చదువొచ్చా?"

బెంచీ మీద అందరూ ఆమె వైపు చూశారు. గుండీలమ్మ కొంగు సర్దుకుంది.

"వచ్చండీ" అంది.

ఇక్కడే మాస్టారు పప్పులో కాలేశారు. గుండీలమ్మకు చదువు రాదు. ఈ సంగతి ఆయనకు తర్వాతెప్పుడో తెలిసింది, మనకు ఇప్పుడే తెలిస్తే నష్టం లేదు. చదువు రానివాళ్ల కోసం ఆయన బీరువాలో ఇంకో పలక ఉంది. దాని మీద ఒకటే గుర్తు నాలుగు దిక్కులకూ తిప్పి వేసి ఉంటుంది, అది ఎటు తిరిగిందో చేత్తో చూపిస్తే చాలు. "రాదు" అని ఉంటే అది బయటికొచ్చేది. కానీ నలుగురి మధ్యలో అలా అరిచి అడిగితే ఎవరు మాత్రం రాదంటారు?

లోపల ఆమె తనకు తెలిసిన నాలుగైదు అక్షరాలే మార్చి మార్చి చెప్పింది. తప్పు. తప్పు. మళ్లీ తప్పు. అరచేయంత అక్షరం కూడా తప్పే. చూపు బొత్తిగా పోయిందనుకున్నారు మాస్టారు. ఒకదాని మీద ఒకటి గట్టి అద్దాలు వేస్తూ పోయారు. దగ్గర చూపుకి చిన్న అక్షరాల అట్ట చేతికిస్తే అక్కడా అదే వరస. చివరికి ఏ అద్దం దగ్గరో "ఇప్పుడు బాగుందండీ" అంది ఆమె. ఆ మాటంటే కుర్చీలోంచి లేవనిస్తారని అప్పటికి ఆమెకు అర్థమైంది.

అలా ఆమెకు పైన దూరానికీ, కింద దగ్గరకూ, రెండు చోట్లా గట్టి పవరున్న జోడు తయారైంది. అది పెట్టుకుంటే మెట్లు ఊగాయి. చొక్కాను ముక్కుకు ఆనిస్తే తప్ప గుండీ కంటికి ఆనలేదు. వారం తర్వాత వచ్చి, "తల తిరుగుతోందండీ" అంది. మాస్టారు జోడు తీసుకుని మిషను మీద పెట్టి, తను రాసిన చీటీతో పోల్చి చూశారు. అణువంత తేడా లేదు.

"అద్దాలు కరెక్టుగానే ఉన్నాయి. నీకే అలవాటు కాలేదు. అలవాటు చేసుకో" అన్నారు.

చీటీ ఒప్పే, జోడు ఒప్పే, తప్పంతా కళ్లదేనన్నమాట. గుండీలమ్మ జోడు తీసుకుని వెళ్లిపోయింది.

మూడోసారి వచ్చింది ఒక గురువారం సాయంత్రం. ఈసారి పరీక్ష గది వైపు చూడను కూడా చూడలేదు. తిన్నగా కౌంటరు దగ్గరకెళ్లి, జోడు తీసి ఆవిడ ముందు పెట్టి గొంతు తగ్గించింది.

"అక్కా, ఒక సాయం చెయ్యాలి. ఫ్రేము ఇదే ఉంచి, లోపల ఉత్త గాజు వేసిస్తారా?"

"ఉత్త గాజా? ఎందుకమ్మా?"

"సోమవారం మా సూపర్‌వైజరు కట్టలో గుండీలు వదులుగా ఉన్న చొక్కాలు కొన్ని కలిపి పెడతాడంట. నేను అన్నీ పట్టుకోవాలి. ఒక్కటి వదిలినా బల్ల పోయినట్టే. జోడు పెట్టుకోకపోతే తిడతాడు. పెట్టుకుంటే గుండీలే కనబడవు. ఉత్త గాజైతే పెట్టుకున్నట్టూ ఉంటుంది, నా కళ్లతో నేను చూసుకున్నట్టూ ఉంటుంది."

ఆవిడ నోరు తెరిచేలోపే తెర సర్రున పక్కకు జరిగింది. గుమ్మంలో మాస్టారు. ఆయన అరికాలి మంట నెత్తికెక్కింది.

"ఉత్త గాజా! నా షాపులోనా! ఇరవై ఏడేళ్లలో నన్నెవరూ ఇంత మాట అడగలేదు! నేనిచ్చిన పవరు..."

"మాస్టారూ, ముందు మీ మూడో గుండీ చూసుకోండి" అంది గుండీలమ్మ.

ఆ మాట ఎదురు చెప్పాలని అన్నది కాదు. పద్దెనిమిదేళ్లుగా చొక్కా ఎదురుగా వస్తే ఆమె కళ్లు ముందు గుండీల మీదికే పోతాయి, నోటికి అదే వస్తుంది.

"మిగతావన్నీ ఇంటూ గుర్తులా కుట్టారు. అదొక్కటీ రెండు గీతల్లా కుట్టారు. దారం రంగు కూడా వేరు. గుండీ అప్పుడే కిందికి వాలింది. నాలుగైదు రోజుల్లో ఊడుతుందండీ."

మాస్టారు గడ్డం రొమ్ముకు ఆనించి చూసుకున్నారు. కనబడలేదు. నెత్తి మీదున్న జోడు కళ్ల మీదికి దించుకుని, చొక్కాను వేళ్లతో ముందుకు లాగి చూశారు. అచ్చం ఆమె చెప్పినట్టే ఉంది.

"అది నేనే కుట్టాను" అంది కౌంటరు వెనక నుంచి ఆవిడ. "పొద్దున్నే తొందరపెట్టారుగా. చేతికి దొరికిన దారంతో లాగించేశాను."

పనున్నా లేకున్నా బెంచీ మీదుండే బాబాయిగారు కిసుక్కున నవ్వారు. మాస్టారు నవ్వలేదు. ఆయన గుమ్మం నుంచి కౌంటరు దాకా నేల మీద పరిచిన అడుగేసి బండలు లెక్కపెడుతున్నారు. ఎనిమిది. అంటే ఎనిమిదడుగులు. జోడు కౌంటరు మీదుంది, ఆమె ముఖాన లేదు. అరచేయంత అక్షరం చదవలేని మనిషికి ఎనిమిదడుగుల నుంచి దారం రంగు కనబడింది.

కళ్లు బాగానే ఉన్నాయి. అక్షరాలే రావు. "మరి ఆ రోజు చదువొచ్చని ఎందుకన్నావు?" అన్న ప్రశ్న నాలుక చివరి దాకా వచ్చింది. బెంచీ నిండా జనం. బాబాయిగారి చెవులు రెండూ ఇటే ఉన్నాయి. కౌంటరు వెనక నుంచి ఆవిడ ఒక చూపు చూసింది. మాస్టారు తన జీవితంలో మొట్టమొదటిసారి ఒక ప్రశ్నను మింగేశారు. అది అంత తేలిగ్గా దిగలేదు.

"అమ్మా," అన్నారు. "ఈ గుండీల సంగతి నాకు కాస్త చూపిస్తారా?"

"మీకెందుకండీ?"

"నాకు తెలియదు కాబట్టి."

ఈ మాట వినగానే ఆవిడ తుడుస్తున్న ఫ్రేము చేజారి కింద పడింది.

లోపల గుండీలమ్మ కుర్చీలో కూర్చుంది. మాస్టారు ఎత్తు పీట లాక్కుని ఎదురుగా కూర్చున్నారు. ఆమె సంచిలోంచి చిన్న రేకు డబ్బా తీసి మూత తెరిచింది. అందులో కోటు గుండీల నుంచి పసిపిల్లల జుబ్బా గుండీల దాకా ఉన్నాయి. రెండు కన్నాలవి, నాలుగు కన్నాలవి వేరు చేసి ఆయన అరచేతిలో పోసింది.

"వీటికి ఇటూ అటూ ఉంటుందా? ఎలా కుట్టినా ఒకటేగా?" అని అడిగారు మాస్టారు. అడిగాక, ఇదే మాట ఎవరైనా తన అద్దాల గురించి అడిగి ఉంటే ఏమనేవాడినో గుర్తొచ్చి భుజాలు బిగించుకున్నారు.

గుండీలమ్మ నవ్వలేదు. "అందరూ ముందు అదే అడుగుతారండీ. నేనూ మొదట్లో అలాగే అనుకున్నాను. చూస్తే తెలీదు, బొటనవేలితో తడమండి. అంచు కాస్త లేచినట్టు ఉంటే అది ముఖం. చదునుగా ఉంటే వీపు."

మాస్టారు ఒకటి తడిమి, తెలిసినట్టే తలాడించి, గుడ్డ మీద పెట్టారు. అది వీపు పైకి ఉంది. ఆయనకే అనుమానమొచ్చి ఆమె ముఖంలోకి చూశారు.

"దగ్గరికొచ్చేశారు. ఒక్కసారి తిప్పి తడమండి" అంది ఆమె. తిప్పి తడిమితే తేడా వేలికి తెలిసింది. "ఆఁ, అదే. మీ వేలు తొందరగా పట్టేసింది. మాకు కొత్తగా చేరినవాళ్లకి రెండ్రోజులు పడుతుంది."

ఆ మెప్పుకి మాస్టారికి ఎంత సంతోషమేసిందంటే, వెంటనే ఇంకో గుండీ తీసుకున్నారు. అప్పుడు తట్టింది ఆయనకు. ఇంతసేపట్లో ఆమె ఒక్కసారి కూడా తప్పు అనలేదు. ఇదే కుర్చీలో కూర్చోబెట్టి ఈమెను తను ఎన్నిసార్లు అన్నాడో లెక్కలేదు. సిగ్గుతో ఆయన చెవులు వేడెక్కాయి.

"తప్పు" అన్నారు.

గుండీలమ్మ ఉలిక్కిపడి గుండీ వైపు చూసింది.

"మీది కాదమ్మా, నాది. మీ కళ్లు చూడటం నాకు చేతకాలేదు. చేతకాక, కళ్లను అలవాటు చేసుకోమన్నాను. ఇంకోసారి చూస్తాను. ఈసారి అక్షరాలొద్దు, మీ గుండీలతోనే చూద్దాం. సోమవారానికి మీ బల్ల దగ్గర మీకు పనికొచ్చే జోడు తయారవుతుంది."

ఆమె తలొంచుకుని డబ్బా మూత అటూ ఇటూ తిప్పింది. చదువు సంగతి ఆమె ఎత్తలేదు, ఆయనా అడగలేదు.

ఆవిడ ఇంట్లోంచి నల్లగుడ్డ తెచ్చింది. గుండీలమ్మ తెల్ల గుండీలు ఏరి, నల్లదారంతో వాటిని వరసలుగా కుట్టడం మొదలుపెట్టింది. పై వరసలో రెండే పెద్ద కోటు గుండీలు. కిందికొచ్చే కొద్దీ చిన్నవి, ఆఖరి వరసలో జుబ్బా గుండీలు. రెండు కన్నాలవీ, నాలుగు కన్నాలవీ కలిపేసి కుట్టింది. కుట్టడం చకచకా సాగింది కానీ, దారం ఎక్కించాల్సినప్పుడల్లా పని ఆగింది. సూదిని చెయ్యి చాపినంత దూరం పట్టుకుని, దారం కొస తడిపి, ఆరేడుసార్లు గురి చూసినా కన్నంలో పడలేదు. ఆవిడ వచ్చి ఎక్కించి ఇచ్చింది. మాస్టారు చూస్తూ ఊరుకున్నారు. అసలు జబ్బు ఏమిటో ఆ చాపిన చెయ్యే ఆయనకు చెప్పేసింది. ఆ వయసులో నూటికి తొంభై మందికి వచ్చేదే, చిన్న అద్దంతో పోయేది.

పలక మీద గుడ్డ తగిలించి, "ఎన్ని కన్నాలున్నాయో చెప్పండి చాలు" అన్నారు. "కనబడకపోతే కనబడలేదనండి. అది కూడా నాకు పనికొచ్చే జవాబే."

ఆమె అద్దంలో చూస్తూ రెండు, నాలుగు, నాలుగు, రెండు అని గడగడా దిగిపోయింది. ఆఖరి వరసలో ఒక్కదాని దగ్గరే ఆగింది. దూరానికి అద్దమే అక్కర్లేదు. తర్వాత మాస్టారు ఆమెను బల్ల ముందు కూర్చోబెట్టి, మీ కార్ఖానా బల్ల ఎంత ఎత్తుంటుంది, చొక్కా ఎలా పట్టుకుంటారు, వెలుతురు ఎటు నుంచి వస్తుంది అని అడిగారు. ఇంతవరకూ ఇవేవీ ఆమెను ఎవరూ అడగలేదు. ఆమె చేతులు గాల్లో పెట్టి చూపిస్తే, కంటి నుంచి వేళ్ల దాకా టేపు పెట్టి కొలిచారు. చేతికి ఒక పాత చొక్కా ఇచ్చి, ఆ దూరానికి ఒక అద్దం వేశారు, తీసి ఇంకొకటి వేశారు.

"ఇదా, ఇదా?"

"రెండూ..." అని ఆగి, భయంభయంగా, "రెండూ ఒకలాగే ఉన్నాయండీ" అంది.

"ఒకలాగే ఉంటే ఒకలాగే అని చెప్పాలి మరి. అంటే మధ్యలోకొచ్చామన్నమాట."

ఇంకో అద్దం వేశారు. గుండీలమ్మ చేతిలోని చొక్కా అంచును చూసి, వేలితో రాసి, మళ్లీ చూసింది. "దారంలో పోగులు కనబడుతున్నాయండీ" అంది. కొంగుతో చెంపలు తుడుచుకుంది. ఆవిడ మంచినీళ్లు తెచ్చిచ్చింది.

శనివారానికి జోడు తయారైంది. సోమవారం మాస్టారికి కాలు నిలవలేదు. మధ్యాహ్నం నుంచి అరడజనుసార్లు గుమ్మంలోకి వచ్చి వీధి చివర మేడ వైపు చూసి వెళ్లారు. పోయిన గురువారం వేసుకున్న చొక్కానే ఉతికించి మళ్లీ వేసుకున్నారు. మూడో గుండీ సరిచేస్తానని భార్య అంటే ముట్టుకోనివ్వలేదు.

"అది ఊడాలి. ఆమె నాలుగైదు రోజులంది. చూద్దాం" అన్నారు.

"ఏమండీ, మీ పరీక్ష ఎవరి మీద? గుండీ మీదా, ఆమె మీదా?"

"నా మీద" అన్నారు మాస్టారు. నిజంగానే ఆయన ముఖం పరీక్ష రాసి వచ్చినవాడిలా ఉంది.

సాయంత్రం కార్ఖానా విడిచే వేళకు గుండీలమ్మ వచ్చింది. వెంట సూపర్‌వైజరు. బుర్ర మీసాలాయన, నలభై దాటిన మనిషి. అతన్ని చూడగానే మాస్టారు కౌంటరు దాకా ఎదురొచ్చారు. ఆమె ముఖం చూస్తే ఏమీ తెలియడం లేదు. కౌంటరు దగ్గర ఆవిడ కూడా చేతిలో పని ఆపేసింది.

"ఏమైందమ్మా?" అన్నారు మాస్టారు.

జవాబు సూపర్‌వైజరు చెప్పాడు. "కట్టలో ఏడు చొక్కాలు కలిపి పెట్టానండీ. ఎనిమిది తీసి నా ముందు పెట్టింది. ఎనిమిదోది నేను పెట్టలేదు. పొద్దున నేను చూసి, బాగుందని పంపించిన చొక్కా అది." గొంతు సవరించుకుని, బెంచీ మీదున్నవాళ్లకు వినబడకుండా, "నా కళ్లు కూడా ఒకసారి చూస్తారా?" అన్నాడు.

"మరి బల్ల?" అంది ఆవిడ ఉండబట్టలేక.

"బల్లెక్కడికి పోతుందక్కా!" అంది గుండీలమ్మ. అంతవరకూ బిగబట్టిన నవ్వు అప్పుడు బయటపడింది. "కిటికీకి కర్టెను కూడా వేయిస్తానన్నారు, ఎండ పడుతోందంటే."

సూపర్‌వైజరు కుర్చీలో కూర్చున్నాడు. తెర పూర్తిగా మూసుకోలేదు. బెంచీ మీదున్నవాళ్లంతా అటే చూస్తున్నారు. బాబాయిగారు పెదాలు కదుపుతూ "రెండు, నాలుగు, నాలుగు, రెండు" అని లోపల్లోపల అనుకుంటున్నారు. అది గమనించిన మాస్టారు మాట్లాడకుండా వెళ్లి గుడ్డను తలకిందులుగా తిప్పి తగిలించారు. బాబాయిగారి ముఖం వాడిపోయింది. చూసి నవ్వడానికి, కొట్టు వదిలి వచ్చి గుమ్మంలో నిలబడ్డ చెప్పుల కొట్టాయన ఉండనే ఉన్నాడు.

"ఎన్ని కన్నాలో చెప్పండి" అన్నారు మాస్టారు.

"నాలుగు" అన్నాడు సూపర్‌వైజరు ఠపీమని. "నాలుగు. నాలుగు. అన్నీ నాలుగే."

ఆ వరసలో మూడు గుండీలకు రెండేసి కన్నాలే. చెప్పుల కొట్టాయన మెడ ముందుకు చాపాడు. తప్పు అన్న మాట ఇరవై ఏడేళ్ల అలవాటు మీద పరుగెత్తుకుంటూ మాస్టారి పళ్ల దాకా వచ్చింది. ఆయన అద్దంలోకి చూశారు. తెర సందులోంచి గుండీలమ్మ ముఖం అందులో కనబడింది. ఊపిరి బిగబట్టి ఉంది. బల్ల తీసేస్తానని తనని అంత భయపెట్టిన మనిషి కోసం భయపడుతోంది ఆమె.

"మీకు అన్నీ నాలుగులా కనబడుతున్నాయన్నమాట" అన్నారు మాస్టారు. "మంచిది, నాకు తెలియాల్సింది అదే. ఇప్పుడు ఈ అద్దం వేస్తాను. ఏమైనా మారితే చెప్పండి, మారకపోయినా చెప్పండి."

సూపర్‌వైజరు భుజాలు కిందికి దిగాయి. "నిజం చెప్పాలంటే అంతా మసగ్గా ఉందండీ. బాగుండదని నోటికొచ్చింది చెప్పాను."

"చెప్పారుగా, ఇక సగం పని అయిపోయినట్టే."

ఆ మాటంటూ మాస్టారు అద్దాల పెట్టె అందుకోవడానికి ముందుకు వంగారు. టక్కున ఏదో తెగింది. మూడో గుండీ బండల మీద పడి, దొర్లుకుంటూ తెర కింద నుంచి బయటికి పోయింది.

ఇక షాపులో అందరూ లేచారు. బాబాయిగారు బెంచీ కిందికి దూరారు. సూపర్‌వైజరు పరీక్ష కోసం పెట్టిన ఇనప ఫ్రేము కళ్లకు ఉండగానే మోకాళ్ల మీద పాకడం మొదలుపెట్టి, ఆవిడ చెప్పును గుండీ అనుకుని పట్టుకున్నాడు. గుండీలమ్మ మాత్రం ఉన్నచోటు నుంచి కదలకుండా ఒకసారి నేలంతా కలయజూసింది. "బీరువా కాలి దగ్గరుందండీ. రెండో కాలు" అంది.

గుండీ దొరికింది. మాస్టారిని పీట మీద కూర్చోబెట్టి ఆమె సంచిలోంచి సూది, దారం తీసింది. ఆయన ఊపిరి కూడా సరిగ్గా తీసుకోకుండా బిగుసుకుపోయారు.

"గడ్డం ఎత్తాలా? ఇలా కూర్చోవచ్చా?" అని అడిగారు.

"ఎలా ఉన్నా ఫర్లేదు మాస్టారూ. బాగానే కూర్చున్నారు."

గుండీలమ్మ నెత్తి మీదున్న కొత్త జోడు కళ్ల మీదికి దించుకుంది. సూదిని చెయ్యి చాపి దూరంగా పట్టుకోలేదు. బల్ల మీద చొక్కా పట్టుకునే చోటే పట్టుకుంది. దారం కొస తడిపి, ఒక్కసారి గురిచూసింది. మొదటిసారికే కన్నంలోంచి దారం అవతలికొచ్చింది.

"ఒప్పు!" అన్నారు మాస్టారు.

అది చెప్పుల కొట్టు దాటి వినబడింది.